ఒకే రోగికి మానిటర్ మీద రెండు ఐసీపీ అంకెలు: ఏది నమోదు చేయాలి?

ప్రశ్న: శిరీష, స్టాఫ్ నర్సు

అందరికీ నమస్కారం. జనరల్ ఐసీయూలో చాలాకాలం పనిచేసి ఈ మధ్యనే న్యూరో ఐసీయూకు మారాను. ఆర్టీరియల్ లైను (ధమనిలో రక్తపోటు కొలిచే గొట్టం), సెంట్రల్ లైను చూసుకోవడం బాగా అలవాటే గానీ, పుర్రె లోపలి ఒత్తిడిని (ఐసీపీ) కొలిచే ఏర్పాట్లతో పని ఇదే మొదటిసారి. యూనిట్ ప్రోటోకాల్ చదివాను. ఏం చేయాలో అందులో ఉంది, ఎందుకు చేయాలో మాత్రం పూర్తిగా లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

తలకు తీవ్రమైన గాయమైన ఒక రోగికి వెంట్రికల్‌లో, అంటే మెదడు లోపల ద్రవం ఉండే గదిలో, ఆ ద్రవాన్ని బయటకు తీసే డ్రెయిన్ (ఈవీడీ) ఉంది, దానితోపాటు మెదడు కణజాలంలో అమర్చిన ప్రోబ్ కూడా ఉంది. డ్రెయిన్ చాంబర్‌ను 15 సెంటీమీటర్ల దగ్గర ఉంచి తెరిచి ఉంచమని ఆర్డరు. అలా తెరిచి ఉన్నంతసేపు డ్రెయిన్ ట్రాన్స్‌డ్యూసర్ (ఒత్తిడిని అంకెగా మార్చే పరికరం) అంకె 11 దగ్గర నిలకడగా ఉంటోంది, ప్రోబ్ మాత్రం 18 చూపిస్తోంది. రోగి స్థితి మార్చే ముందు డ్రెయిన్ మూసినప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ అంకె 16కు చేరింది. ఆ తరువాత మంచం తలవైపును 20 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు లేపగానే అది 21 అయింది. అదే సమయంలో ప్రోబ్ అంకె 18 నుంచి 16కు తగ్గింది. ఒకే తల, ఒకే క్షణం, అయినా ఒక అంకె పెరుగుతుంటే మరొకటి తగ్గడం ఎలా సాధ్యం? చార్టులో ఏది రాయాలి?

మరో రెండు సందేహాలున్నాయి. రోగి బంధువులు మానిటర్ వైపే చూస్తూ, ఎంత దాటితే ప్రమాదమని పదే పదే అడుగుతున్నారు. వారికి ఏ అంకె చెప్పాలి? ఇక రెండవది, ఐసీపీ కొలిచినా కొలవకపోయినా ఫలితం ఒకటేనని ఒక పెద్ద పరిశోధనలో తేలిందని సహోద్యోగి ఒకరు అన్నారు. అదే నిజమైతే పుర్రెకు రంధ్రం చేసి మరీ ఈ కొలత తీసుకోవడం దేనికి?

సమాధానం: పద్మజ, న్యూరో ఐసీయూ ఇన్‌చార్జ్

శిరీష గారూ, మీరు మూడు అంకెలనూ వాటి సందర్భంతో సహా రాయడం వల్ల సమాధానం చాలావరకు మీ ప్రశ్నలోనే కనిపిస్తోంది.

మొదట 11 సంగతి చూద్దాం. చాంబర్ స్కేలులో ఒక వైపు సెంటీమీటర్ల నీరు, మరో వైపు మిల్లీమీటర్ల పాదరసం ఉంటాయి. ఒక మిల్లీమీటరు పాదరసం 1.36 సెంటీమీటర్ల నీటికి సమానం కాబట్టి 15 సెంటీమీటర్ల నీరంటే సుమారు 11 మిల్లీమీటర్ల పాదరసం. డ్రెయిన్ తెరిచి ఉన్నప్పుడు ద్రవం చాంబర్ అంచు దాటి పొర్లిపోతుంది కాబట్టి, ట్రాన్స్‌డ్యూసర్ మీకు చూపించేది ఇంచుమించు మీరు పెట్టిన చాంబర్ ఎత్తునే తప్ప పుర్రె లోపలి ఒత్తిడిని కాదు. ఆ 11ను ఐసీపీగా చార్టులో రాయకూడదు. తెరిచి ఉన్న డ్రెయిన్ అంకెను గంటగంటకూ నమోదు చేస్తూ పోతే, క్యాథెటర్‌లో రక్తపు గడ్డ అడ్డుపడి లోపల ఒత్తిడి పెరుగుతున్నా చార్టు మాత్రం ప్రశాంతంగానే కనిపించే అవకాశం ఉంది. కొలవాలంటే త్రీ-వే స్టాప్‌కాక్‌ను తిప్పి చాంబర్ వైపు దారి మూయాలి. తరంగం స్పష్టంగా కనబడి అంకె నిలకడకు వచ్చే వరకు కొన్ని నిమిషాలు ఆగాలి. అప్పుడు సగటు అంకెను రాసుకుని మళ్లీ తెరవాలి. తెరవడం మరిచిపోకుండా ఉండేందుకు మా యూనిట్‌లో ఒక నియమం ఉంది. డ్రెయిన్ మూసినవారు దానిని తిరిగి తెరిచే వరకు ఆ మంచం దగ్గర నుంచి కదలకూడదు.

ఇక 21 సంగతి. ఈవీడీ ట్రాన్స్‌డ్యూసర్ తల బయట స్టాండుకు బిగించి ఉంటుంది. దాని సున్నా స్థాయి చెవి రంధ్రానికి ముందుండే చిన్న మృదులాస్థి బొడిపె, అంటే ట్రేగస్‌తో సమానంగా ఉండాలి, ఎందుకంటే లోపల వెంట్రికల్స్ కలిసే ఫొరామెన్ ఆఫ్ మన్రో దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది. మీరు తలవైపు లేపినప్పుడు తల పైకి వెళ్లింది, స్టాండు మీది ట్రాన్స్‌డ్యూసర్ మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. తల సుమారు 10 సెంటీమీటర్లు పైకి జరిగిందనుకుంటే, ఆ నీటి స్తంభం బరువు 7 మిల్లీమీటర్ల పాదరసంగా అంకెకు కలిసిపోతుంది. తల ఎత్తినందువల్ల సిరల రక్తం సులభంగా కిందికి దిగి ఒత్తిడి నిజంగానే 16 నుంచి 14కు తగ్గి ఉంటుంది, ప్రోబ్‌లో కనబడిన రెండు పాయింట్ల తగ్గుదల అదే. ఆ 14కు లేని ఏడు కలిసి 21 అయింది.

ఆ సమయంలో డ్రెయిన్ మూసి ఉండడం మంచిదయింది. తెరిచి ఉంటే తలతో పోల్చినప్పుడు చాంబర్ 10 సెంటీమీటర్లు కిందికి దిగినట్టే కాబట్టి ద్రవం ఒక్కసారిగా ఎక్కువగా కారిపోయేది. అతిగా కారితే వెంట్రికల్ గోడలు దగ్గరకు ముడుచుకుంటాయి, మెదడు పైపొరల కింద రక్తస్రావం జరిగే ప్రమాదం కూడా ఉంది. తల దించినప్పుడు ఇందుకు వ్యతిరేకంగా డ్రెయిన్ పూర్తిగా ఆగిపోతుంది. అందుకే పక్కకు తిప్పడం, సక్షన్ (శ్వాసనాళంలోని కఫం తీయడం), ఫిజియోథెరపీ, మంచం ఎత్తు మార్చడం వంటి ఏ పనికైనా ముందు డ్రెయిన్ మూయాలి, పని ముగిశాక మళ్లీ ట్రేగస్‌కు లెవెల్ చేసి, ఆ తరువాతే తెరవాలి. కంటి అంచనా ఎంత అనుభవజ్ఞులకైనా చాలదు, లేజరు లెవెల్ గానీ కార్పెంటర్ లెవెల్ గానీ వాడండి.

జనరల్ ఐసీయూ నుంచి వచ్చినవారికి నేను ప్రత్యేకంగా చెప్పే మాట ఒకటుంది. ఆర్టీరియల్ లైను ట్రాన్స్‌డ్యూసర్‌కు ప్రెషర్ బ్యాగు, నిరంతర ఫ్లష్ ఉంటాయి, కొన్నిచోట్ల హెపారిన్ కూడా కలుపుతారు. ఈవీడీ ట్రాన్స్‌డ్యూసర్‌కు ఇవేవీ ఉండకూడదు. చేతికి అలవాటైన ఫ్లష్ పొరపాటున ఇక్కడ పనిచేస్తే ద్రవం నేరుగా మెదడులోకి వెళుతుంది. ట్రాన్స్‌డ్యూసర్‌ను స్టెరైల్ సెలైన్‌తో ముందే నింపి, ఫ్లష్ బ్యాగు లేకుండానే కలుపుతాం. లైను పొడవునా స్పష్టమైన లేబుళ్లు అంటించండి, మందు ఎక్కించే పోర్టు ఉన్న స్టాప్‌కాక్ దానిమీద ఉంచకండి. లైను మూసుకుపోయిందనిపిస్తే సిరంజి అందుకోకుండా న్యూరోసర్జరీ డాక్టరును పిలవాలి. ద్రవం రంగు, గంటకు ఎంత వస్తున్నదీ ఐసీపీ అంకె పక్కనే రాయండి. సీఎస్‌ఎఫ్, అంటే మెదడు లోపలా చుట్టూ ఉండే ఈ ద్రవం, గంటకు సుమారు 20 మిల్లీలీటర్లు, రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా తయారవుతుంది. అంతవరకు బాగా వస్తున్న డ్రెయిన్ ఒక గంటలో ఉన్నట్టుండి ఏమీ ఇవ్వకపోతే, మానిటర్ అంకె ఎంత బాగున్నా దానిని నమ్మవద్దు.

బంధువులకు మాత్రం ఏ ఒక్క అంకెనూ హద్దుగా చెప్పకండి. హద్దు తెలిస్తే రోగి దగ్గినప్పుడల్లా వారు భయపడతారు, రోగి ముఖం వైపు చూడడం మానేసి మానిటరునే చూస్తారు. ఒత్తిడి ఎక్కువసేపు పెరిగి ఉందా, వైద్యానికి తగ్గుతోందా అన్నదే మేము చూస్తున్నామని, ఈ రోజు నిన్నటికంటే ఎలా ఉందో డాక్టరు చెబుతారని చెప్పండి. మానిటరును వారి కుర్చీకి ఎదురుగా లేకుండా కొద్దిగా తిప్పి పెట్టడం కూడా తప్పేమీ కాదు.

సమాధానం: బయోమెడికల్ ఇంజనీర్

పద్మజ మేడం డ్రెయిన్ సంగతి చెప్పారు కాబట్టి నేను ప్రోబ్ గురించి రాస్తాను.

కణజాలంలో అమర్చే ప్రోబ్‌లకు సెన్సర్ కొననే ఉంటుంది. అందువల్ల మంచం లేపినా దించినా బయట లెవెల్ చేయవలసిన పనిలేదు. ఈ ప్రోబ్‌లు ప్రధానంగా రెండు రకాలు. కాడ్‌మన్ వంటి వాటిలో కొన దగ్గరి చిన్న సిలికాన్ పొర ఒత్తిడికి వంగినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది. కమినో వంటి వాటిలో ఫైబర్ ఆప్టిక్ తీగ ద్వారా వెళ్లిన కాంతి కొనలో కదిలే పలుచని పొర మీద పడి తిరిగి వస్తుంది, తిరిగొచ్చిన కాంతి తీవ్రతను బట్టి ఒత్తిడి లెక్కకడతారు. ఫైబర్ తీగను మడిచినా, రోగిని తిప్పేటప్పుడు లాగినా లోపల విరిగిపోతుంది, విరిగితే అతుకు వేయడానికి వీలుండదు.

ఈ ప్రోబ్‌ల అసలు పరిమితి సున్నా విషయంలో ఉంది. తలలోకి పంపే ముందు వాతావరణ ఒత్తిడి వద్ద వాటిని ఒకసారి జీరో చేస్తారు, అంటే ఆ ఒత్తిడిని సున్నాగా చూపేలా సరిచేస్తారు. లోపలికి వెళ్లాక మళ్లీ జీరో చేయడానికి వీలుండదు, ఎందుకంటే కొనను తిరిగి గాలికి చూపించలేము. రోజులు గడిచేకొద్దీ సెన్సర్ సున్నా కొద్దికొద్దిగా జరుగుతుంది, దీనినే డ్రిఫ్ట్ అంటారు. సాధారణంగా అది ఒకటి రెండు పాయింట్లే అయినా, కొన్ని ప్రోబ్‌లలో చికిత్స నిర్ణయాన్ని మార్చేంతగా కూడా జరగవచ్చు. కొన దగ్గర గాలి సంచి ఉండే స్పీగెల్‌బెర్గ్ రకం దీనికి మినహాయింపు. అది ఆ సంచిని ఖాళీ చేసుకుని తనంతట తాను ఎప్పటికప్పుడు జీరో చేసుకుంటుంది.

కాబట్టి డ్రెయిన్ మూసి, లెవెల్ సరిచూసి, కాసేపు ఆగి చూసినా రెండు అంకెల మధ్య రెండు మూడు పాయింట్ల తేడా మిగిలితే ఆశ్చర్యపడనవసరం లేదు. రెండూ మెదడులో వేర్వేరు చోట్ల ఉన్నాయి, గాయం ఉన్న వైపు ప్రోబ్ ఉంటే అక్కడి ఒత్తిడి నిజంగానే కొంత ఎక్కువ కావచ్చు. తేడా రోజురోజుకూ ఒకే దిశలో పెరుగుతుంటే డ్రిఫ్ట్‌ను అనుమానించాలి. ఈవీడీని మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు బయట నుంచే జీరో చేయగలం, ద్రవం తీయగలం కూడా, అందుకే ఇతర పరికరాలను దానితో పోల్చి చూస్తారు. అయితే వెంట్రికల్స్ బాగా నలిగిపోయిన మెదడులో క్యాథెటర్‌ను సరైన చోటికి చేర్చడం కష్టం. దాని వల్ల ఇన్ఫెక్షన్ ప్రమాదం కూడా ప్రోబ్ కంటే ఎక్కువ.

మీకు రోజూ పనికొచ్చే సంగతులు మరో రెండున్నాయి. ప్రోబ్ పెట్టేటప్పుడు కొన్ని పరికరాలు ఒక రిఫరెన్స్ సంఖ్యను చూపిస్తాయి, దానిని కేస్ షీటులోనూ కేబుల్ కనెక్టర్ మీదా రాసి ఉంచాలి. రోగిని వేరే మానిటర్‌కు మార్చినప్పుడు ఆ సంఖ్య లేకపోతే కొత్త మానిటర్ చూపించే ఒత్తిడికి ఆధారం ఉండదు. అలాగే ప్రోబ్ పెట్టెనూ మంచం పక్క మానిటరునూ ఒకదానితో ఒకటి సరిపోయేలా విడిగా జీరో చేయాలి. పెట్టె మీద 18, మానిటర్ మీద 21 కనిపిస్తోందని మాకు వచ్చే పిలుపుల్లో చాలావాటికి కారణం ఇదే.

యూనిట్ల గురించి కూడా ఒక మాట. నడుములో సూది వేసి కొలిచిన ఒత్తిడిని న్యూరాలజీ విభాగంలో సెంటీమీటర్ల నీటిలో రాస్తారు. 1891లో క్విన్కే ఆ పద్ధతిని వివరించిన నాటి నుంచీ నిలువు గొట్టంలో ద్రవం ఎంత ఎత్తుకు ఎక్కిందన్నదే అక్కడి కొలత. ఆ రిపోర్టులో 25 ఉంటే అది సుమారు 18 మిల్లీమీటర్ల పాదరసం. బదిలీ అయి వచ్చిన రోగి కాగితాల్లో యూనిట్ లేని అంకె కనబడితే, అది ఏ యూనిట్‌లో ఉందో అడిగి తెలుసుకున్నాకే చార్టులో ఎక్కించండి.

సమాధానం: న్యూరో అనస్థీషియా, క్రిటికల్ కేర్ వైద్యుడు

ఇద్దరూ చెప్పినది సరిగానే ఉంది. శిరీష గారి మూడో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అంకె ఎందుకు పెరుగుతుందో ముందు చెప్పాలి.

1783లో అలెగ్జాండర్ మన్రో, 1824లో జార్జ్ కెల్లీ చెప్పిన సూత్రమే ఇప్పటికీ ఆధారం. పెద్దవారి పుర్రె సాగని పెట్టె. అందులో మెదడు, రక్తం, సీఎస్‌ఎఫ్ ఉంటాయి, వీటిలో ఒకటి పెరిగితే మరొకటి తగ్గాలి. వాపు గానీ రక్తపు గడ్డ గానీ చోటు ఆక్రమించడం మొదలుపెట్టినప్పుడు ముందు సీఎస్‌ఎఫ్ వెన్ను వైపు జారుకుంటుంది, సిరల్లోని రక్తం బయటకు నెట్టబడుతుంది. ఈ దశలో ఘనపరిమాణం పెరుగుతున్నా ఒత్తిడి దాదాపు పెరగదు. ఆ వెసులుబాటు అయిపోయాక కొద్ది మిల్లీలీటర్లకే ఒత్తిడి నిటారుగా పెరుగుతుంది. అందువల్ల 14 దగ్గర ఉన్న ఇద్దరు రోగుల్లో ఒకరికి ఇంకా ఎంతో చోటు మిగిలి ఉండవచ్చు, మరొకరు అంచున నిలబడి ఉండవచ్చు. అంకె ఒక్కటే చూస్తే ఆ తేడా తెలియదు, తరంగంలో తెలుస్తుంది.

మానిటర్ మీద ఐసీపీ తరంగాన్ని కొంచెం పెద్దది చేసి చూడండి. ప్రతి గుండె స్పందనకూ మూడు శిఖరాలు ఉంటాయి. మొదటి శిఖరం ధమని స్పందన, మూడవది బృహద్ధమని కవాటం మూసుకున్న తరువాత వచ్చేది, నడుమనున్న రెండవ శిఖరం మెదడు ఎంతవరకు సర్దుకోగలదో చెప్పేది. సాధారణంగా ఇవి మెట్లు దిగినట్టు ఒకదానికంటే ఒకటి తక్కువగా ఉంటాయి. రెండవ శిఖరం మొదటిదానిని దాటి, తరంగమంతా గుండ్రని గోపురంలా మారుతోందంటే, అంకె ఇంకా 16లో ఉన్నా వెసులుబాటు తగ్గిపోతోందని అర్థం. ఆ దశలో సక్షన్‌కు, స్నానానికి, తిప్పడానికి మధ్య విరామం ఇవ్వండి, వరుసగా చేయకండి. శిఖరాలే లేని చదునైన గీత కనబడితే రోగి కంటే ముందు లైనును అనుమానించాలి. గాలి బుడగ, గడ్డ, మూసి ఉన్న స్టాప్‌కాక్, ముడుచుకున్న వెంట్రికల్, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

పెద్దవారిలో పడుకున్నప్పుడు ఐసీపీ సాధారణంగా 7 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉంటుంది, చిన్నపిల్లల్లో ఇంకా తక్కువ. తీవ్రమైన తల గాయంలో 22 దాటితే చికిత్స చేయాలని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ నాలుగవ సంచిక మార్గదర్శకాలు చెబుతున్నాయి, అంతకుముందు చాలా యూనిట్లు 20ని వాడేవి. 22కూ 21కీ నడుమ ప్రకృతి గీసిన గీత ఏదీ లేదు. దగ్గినప్పుడు అర నిమిషం 35కు వెళ్లి దానంతట అదే దిగివచ్చినదాని కంటే, ఎవరూ తాకకుండానే 24 దగ్గర అరగంట నిలిచినది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. అందుకే చార్టులో గంటకొక అంకెతో పాటు ఆ గంటలో ఎంతసేపు హద్దు దాటి ఉందో, అప్పుడు ఏం జరుగుతోందో ఒక్క ముక్క రాయండి. 1960లో లుండ్‌బర్గ్ వెంట్రికల్ ఒత్తిడిని గంటల తరబడి కాగితం మీద నమోదు చేసి చూపించినప్పుడు వెలుగులోకి వచ్చినది కూడా ఇదే. ఒత్తిడి హఠాత్తుగా 50కి పైగా ఎగబాకి, 5 నుంచి 20 నిమిషాల వరకు అక్కడే పీఠభూమిలా నిలిచి, మళ్లీ పడిపోయే తరంగాలను ఆయన గుర్తించారు, వీటినే ‘ఎ’ (A) తరంగాలు అంటారు. గంటకొకసారి మాత్రమే చూసేవారికి అవి కనబడకుండానే పోవచ్చు.

ఐసీపీని చూస్తున్నప్పుడు ధమని ఒత్తిడిని పక్కనబెట్టి చూడకూడదు. సగటు ధమని ఒత్తిడిలో నుంచి ఐసీపీని తీసివేస్తే మిగిలేది మెదడుకు రక్తాన్ని నెట్టే ఒత్తిడి, అదే సీపీపీ. దీనిని సాధారణంగా 60, 70ల మధ్య ఉంచాలని చూస్తాం. ఇక్కడ కూడా లెవెల్ సమస్య ఉంది, చాలామంది దానిని గమనించరు. ఆర్టీరియల్ ట్రాన్స్‌డ్యూసర్ గుండె ఎత్తులో, ఐసీపీ చెవి ఎత్తులో ఉంటే, తల 30 డిగ్రీలు లేచి ఉన్నప్పుడు సీపీపీ సుమారు 10 మిల్లీమీటర్లు ఎక్కువగా కనబడుతుంది. సగటు 80, ఐసీపీ 18 అయినప్పుడు మానిటర్ 62 అని చూపిస్తే ఫరవాలేదనుకుంటాం. మెదడు స్థాయిలో అసలు అందుతున్నది 52 దగ్గరే కావచ్చు. కొన్ని యూనిట్లు ఆర్టీరియల్ లైనును కూడా ట్రేగస్‌కే లెవెల్ చేస్తాయి, కొన్ని చేయవు. మీ యూనిట్ ఏది పాటిస్తుందో ఈ రోజే అడిగి తెలుసుకోండి, ఒక షిఫ్టు ఒకలా మరొక షిఫ్టు మరోలా చేయడం మాత్రం అన్నిటికంటే ప్రమాదకరం.

ఇప్పుడు ఆ పరిశోధన గురించి. మీ సహోద్యోగి ప్రస్తావించినది 2012లో ప్రచురితమైన బెస్ట్-ట్రిప్ ట్రయల్ అయి ఉంటుంది. బొలీవియా, ఈక్వడార్ దేశాల ఐసీయూల్లో తల గాయమైన 324 మందిని రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి కణజాల ప్రోబ్ పెట్టి ఐసీపీని 20 లోపల ఉంచేలా చికిత్స చేశారు. రెండవ వర్గానికి ప్రోబ్ లేకుండా, వరుస సీటీ స్కాన్లు, శారీరక పరీక్షల ఆధారంగా ఒక నిర్ణీత ప్రోటోకాల్ ప్రకారం చికిత్స చేశారు. ఆరు నెలల తరువాత రెండు వర్గాల ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అంతవరకు నిజం. అయితే రెండవ వర్గంవారిని చూసుకోకుండా వదిలేయలేదు, ఒత్తిడి పెరిగిందన్న అంచనాతోనే వైద్యం చేశారు, పైగా ఒత్తిడి తగ్గించే చికిత్స వారికే ఎక్కువ కాలం సాగింది. కాబట్టి ఆ ట్రయల్ పోల్చినది ఒత్తిడి గురించి తెలుసుకునే రెండు మార్గాలను. పెరిగిన ఒత్తిడి హానికరమా కాదా అన్నది దాని ప్రశ్నే కాదు. ఒకే అంకె పట్టుకుని రోగులందరికీ ఒకే విధంగా చికిత్స చేయడం వల్ల లాభం పరిమితమని మాత్రం అది చూపించిందని నా అభిప్రాయం, దీనితో విభేదించే సహచరులు నాకున్నారు.

ప్రోబ్ ఉండడం వల్ల ఒక లాభం ఖచ్చితంగా ఉంది. మత్తులో ఉన్న రోగిని లేపి పరీక్షించలేము. రక్తపోటు పెరగడం, గుండె వేగం తగ్గడం, శ్వాస క్రమం తప్పడం, ఈ మూడూ కలిసిన కుషింగ్ లక్షణాలు కనబడే వరకు ఆగితే మెదడు కాండం అప్పటికే నలుగుతూ ఉంటుంది. ఆ దశ రాకముందే తెలియజేయడానికే ఈ రంధ్రం.

సమాధానం: జనరల్ మెడిసిన్ వైద్యురాలు

న్యూరోసర్జన్ గానీ ప్రోబ్ గానీ అందుబాటులో లేని ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. కంటి అల్ట్రాసౌండ్‌తో ఆప్టిక్ నరం తొడుగు వెడల్పు కొలిచి ఐసీపీ చెప్పవచ్చని చదివాను. దానిమీద ఎంతవరకు ఆధారపడవచ్చు?

సమాధానం: న్యూరో అనస్థీషియా, క్రిటికల్ కేర్ వైద్యుడు

మేడం, ఒత్తిడి పెరిగి ఉండవచ్చా లేదా అని అనుమానించడానికి అది పనికొస్తుంది, ఎంత ఉందో చెప్పడానికి పనికిరాదు. ఆప్టిక్ నరం చుట్టూ ఉన్న తొడుగులోని ఖాళీ మెదడు చుట్టూ ఉన్న సీఎస్‌ఎఫ్ ఖాళీతో కలిసి ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరిగితే తొడుగు ఉబ్బుతుంది. కనుగుడ్డు వెనుక 3 మిల్లీమీటర్ల దగ్గర కొలుస్తారు. హద్దుగా వివిధ అధ్యయనాలు 5 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య వేర్వేరు విలువలు వాడాయి. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను కదపకుండా అర మిల్లీమీటరు తేడాను పట్టుకోవడం సాధన చేస్తే తప్ప రాదు, పైగా కనురెప్ప మీద బరువు పెట్టకూడదు, కనుగుడ్డు గాయపడి ఉంటే అసలు చేయకూడదు. ఒకే రోగికి ఒకే మనిషి మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు కనబడే మార్పుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ (పుర్రె మీద నుంచి అల్ట్రాసౌండ్‌తో మెదడు రక్తప్రవాహ వేగం కొలవడం) కూడా అంతే. ఒత్తిడి పెరిగేకొద్దీ గుండె సడలే దశలో మెదడు రక్తనాళాల్లో ప్రవాహ వేగం పడిపోతుంది, దానివల్ల పల్సటిలిటీ సూచిక పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ తగ్గినా ఆ సూచిక పెరుగుతుంది, అందువల్ల బ్లడ్ గ్యాస్ రిపోర్టు లేకుండా దానిని చదవకూడదు. పాపిలెడీమా (కంటి అడుగున ఆప్టిక్ నరం మొదలులో వాపు) రావడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది కాబట్టి కంటి అడుగు మామూలుగా ఉందని ధైర్యపడకూడదు. సీటీలో గడ్డ గానీ మధ్యగీత జరగడం గానీ ఉన్నప్పుడు ఒత్తిడి కొలుద్దామని నడుములో సూది మాత్రం వేయకండి, మెదడు కిందికి జారిపోయే ప్రమాదం ఉంది. మీ దగ్గర వీటన్నిటికంటే విలువైనది గంటగంటకూ టార్చితో చూసి రాసిన కంటిపాపల కొలత, గ్లాస్గో స్కోరు (స్పృహ స్థాయి అంకె). అందులోనూ మోటారు స్కోరు (కాళ్లూ చేతుల కదలికల భాగం) తగ్గుదలను చూసి, ఒక పాప పెద్దదయ్యే వరకు ఆగకుండా, పెద్ద ఆసుపత్రికి పంపే నిర్ణయం తీసుకోండి.

శిరీష

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు డ్యూటీలో డ్రెయిన్ మూసి, ట్రేగస్‌కు లెవెల్ చేసి, తరంగం కుదురుకున్నాక చూస్తే ట్రాన్స్‌డ్యూసర్ 15, ప్రోబ్ 18 చూపించాయి. మూడు పాయింట్ల తేడా మిగిలింది. ప్రోబ్ గాయమున్న వైపే ఉందని కేస్ షీటులో కనబడింది. రెండు అంకెలనూ వేర్వేరు వరుసల్లో, ఏది దేనినుంచి వచ్చిందో రాస్తూ నమోదు చేయమని డ్యూటీ డాక్టరు చెప్పారు. మా యూనిట్‌లో ఆర్టీరియల్ లైను గుండె ఎత్తులోనే ఉంటుందట. సీపీపీ గడి పక్కన ఇకపై ఆ మాట కూడా రాయాలని నిర్ణయించారు. రెండవ శిఖరం మొదటిదానికంటే స్వల్పంగా ఎత్తుగా ఉంది, అందుకే సక్షన్‌కూ బెడ్‌షీటు మార్చడానికీ మధ్య విరామం ఇచ్చాము.

చివరగా ఒక సందేహం. రేపు ఈ రోగిని సీటీకి తీసుకువెళ్లాలి. దారిలో డ్రెయిన్ తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా?

సమాధానం: పద్మజ, న్యూరో ఐసీయూ ఇన్‌చార్జ్

ట్రాలీ కదులుతున్నంతసేపు, మంచం మార్చేటప్పుడు మూసే ఉంచాలి, ఎందుకంటే చాంబర్ ఎత్తు నిమిషానికోసారి మారుతుంది. అయితే ఒత్తిడి ఇప్పటికే అంచున ఉన్న రోగికి ఎక్కువసేపు మూసి ఉంచడం కూడా ప్రమాదమే. బయలుదేరే ముందు డ్రెయిన్ మూసి కొన్ని నిమిషాలు చూడండి, అంకె పెరుగుతూ పోతుంటే డాక్టరుకు చెప్పకుండా కదలకండి. మీ రోగికి ప్రోబ్ కూడా ఉంది కాబట్టి దాని కేబుల్‌ను ట్రాన్స్‌పోర్ట్ మానిటర్‌కు కలిపి, రిఫరెన్స్ సంఖ్య సరిచూసుకుని, దారి పొడవునా ఆ అంకెనే చూడండి. సీటీ బల్ల మీద తల పూర్తిగా చదునుగా ఉంటుంది, అంకె పెరిగేది సాధారణంగా అక్కడే, కాబట్టి అన్నీ సిద్ధమయ్యాకే తల దించమని టెక్నీషియన్‌కు ముందే చెప్పండి. చాంబర్‌ను నిటారుగా పట్టుకోవడానికి ఒకరిని ప్రత్యేకంగా పెట్టండి, పడుకోబెడితే పైనున్న ఎయిర్ ఫిల్టర్ తడిసి డ్రెయిన్ పనిచేయడం మానేస్తుంది. తిరిగి వచ్చాక లెవెల్ చేసి, తెరిచి, తెరిచిన సమయం చార్టులో రాయండి.